నేను రంగు వేసిన కాన్వాసు

పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీలో మా ఆయనకు స్టోర్సులో ఉద్యోగం దొరికినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాది తెనాలి వైపు. డెబ్బైల మొదట్లో అటు నుంచి చాలా కుటుంబాలు ఇలాంటి ఉద్యోగాలకే ఇటు వచ్చాయి. ఫ్యాక్టరీ వెనక రెండు వరుసల క్వార్టర్లు, వాటి చివర పై అధికారులు వస్తే దిగడానికి ఒక గెస్ట్‌హౌసు, దాని ముందు పచ్చిక. చుట్టూ కంకర తేలిన నేల, జొన్న చేలు. ఆ పచ్చిక ఒక్కటే ఏడాది పొడవునా ఆకుపచ్చగా ఉండేది.

ఆ పచ్చిక మీద ఎనిమిది పడక కుర్చీలు వేసి ఉంచేవారు. కర్ర చట్రానికి పైనా కిందా రెండు అడ్డకర్రలు, వాటి మధ్య వేలాడేసిన కాన్వాసు గుడ్డ. కొన్నప్పుడు ముదురాకుపచ్చ అట. నేను చూసేసరికి మధ్యలో ఎండు గడ్డి రంగుకు తిరిగింది. అడ్డకర్ర చుట్టూ మడిచి కుట్టిన అంచులో మాత్రం అసలు రంగు దాగి ఉండేది.

గెస్ట్‌హౌసు సామాను చూసుకోవడం మా ఆయన పనుల్లో ఒకటి. ఆయన ఇంకా పర్మనెంటు కాలేదు. మేనేజరు ముఖం చిట్లిస్తే ఆయనకు ఆ పూట అన్నం దిగేది కాదు. ఒక రోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం ముందు కూర్చుని కూడా అన్నంలో చెయ్యి పెట్టలేదు.

"పది రోజుల్లో హెడ్డాఫీసు వాళ్లు వస్తున్నారట. మేనేజరు గారు ఆ కుర్చీలు చూసి, ఇవేమిటయ్యా, శ్మశానంలో వేసే కుర్చీల్లా ఉన్నాయి అన్నారు. కొత్త గుడ్డ కావాలని రాస్తే అది వచ్చేసరికి నెల పడుతుంది."

"గుడ్డ మార్చడమెందుకు? రంగు వేద్దాం," అన్నాను.

పెళ్లికి ముందు మా ఇంట్లో వెలిసిన చీరలకు నేనే రంగు వేసేదాన్ని. ఉప్పు ఎంత, నీళ్లు ఎంత కాగాలి, ఎంతసేపు తిప్పాలి, అన్నీ తెలుసు. ఈ ఊళ్లో నాకు తెలిసిన పని ఏదీ ఎవరికీ అక్కర్లేకుండా ఏడాదిన్నర గడిచింది. ఇదొకటి అక్కరకు వస్తుందనేసరికి నాకు ఉత్సాహం ఆగలేదు.

ఆయన ముఖం తేటపడింది. "నిజంగా అవుతుందా?"

"చూడండి. కొత్తవే అనుకుంటారు."

మర్నాడే గుడ్డలన్నీ కర్రల నుంచి విప్పించాను. చాలా చోట్ల అంచుల కుట్టు వదులైంది. వాటిని మళ్లీ కుట్టాలంటే ఇంట్లో మిషను చాలదు. పటాన్‌చెరులో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒకాయన లారీల మీద కప్పే తాడ్‌పత్రీలు కుట్టేవాడు. హత్నూర వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఆయన భార్య పక్కనే కూర్చుని దారానికి మైనం పట్టిస్తూ ఉండేది. ఫ్యాక్టరీలో గోనెలు, సరుకు మీద కప్పే పట్టాలు ఏవి చినిగినా ఆయనకే ఇచ్చేవారు. గుడ్డల మూట రిక్షాలో వేసుకుని అక్కడికి వెళ్లాను.

ఆయన ఒక ముక్క తీసి ఒళ్లో పరుచుకుని, వేళ్లతో అటూ ఇటూ తడిమాడు.

"అమ్మా, గీ బట్ట ఎన్నేండ్లయింది?"

"ఐదారేళ్లయి ఉంటుంది."

"ఎండలనే ఉంటదా?"

"ఎండలోనే. వానొస్తే లోపల పెడతారు."

ఆయన గుడ్డ మధ్యలోంచి సూదితో ఒక పోగు లేపి లాగాడు. అది చప్పుడు కూడా లేకుండా తెగింది. తరవాత అంచు మడత విప్పి అక్కడి పోగు లాగాడు. అది తెగలేదు, ఆయన వేలి మీద గీత పడింది.

"సూడుండ్రి. మడతల ఉన్నది మంచిగనే ఉన్నది. నడుమ మాత్రం బట్టల జీవం లేదు. ఎండకు సచ్చింది. మీరు రంగేస్తే కొత్తగ కనవడతది గాని మనిషి బరువు ఆపది."

"మరేం చెయ్యమంటారు?"

"కొత్తది తెప్పియ్యిండ్రి. పట్నంల దొరుకుతది."

"పది రోజుల్లో పై వాళ్లు వస్తున్నారు. అంత వ్యవధి లేదు."

ఆయన మూలనున్న బట్టల కుప్ప వంక చూశాడు. "అట్లయితే అడుగుకు ఓ పట్టీ ఏస్త. నా దగ్గర తాడ్‌పత్రి బట్ట ఉన్నది. కూసునే కాడ, ఈపు ఆనే కాడ ఏస్తె సాలు. పైది సినిగినా అడుగుది ఆపుతది."

ఆయన చూపించిన గుడ్డ మట్టి రంగులో ఉంది. ఆకుపచ్చ కుర్చీ అడుగున ఆ మట్టి రంగు పట్టీ వేలాడుతూ ఉండటం నా కళ్ల ముందు కనిపించింది. హెడ్డాఫీసు వాళ్లు దూరం నుంచి నడిచి వస్తుంటే ముందు కనపడేది ఆ అతుకే.

"పట్టీ వద్దు, బాగుండదు. నేను రంగు వేసి తెస్తాను. అంచులు మాత్రం గట్టిగా కుట్టివ్వండి," అన్నాను.

ఆయన భార్య మైనం రుద్దడం ఆపి నా వంక చూసింది. ఆయన గుడ్డ మడత పెట్టి మూటలో పెట్టాడు.

"మీ ఇష్టం అమ్మా. నేనైతే చెప్పిన."

సంగారెడ్డి బజారుకు వెళ్లి షావుకారు దుకాణంలో ఆకుపచ్చ రంగు పొట్లాలు తెచ్చుకున్నాను. క్యాంటీను నుంచి పెద్ద డేగిసా తెప్పించి, పెరట్లో మూడు రాళ్ల మీద పెట్టి, ఉప్పు వేసి నీళ్లు కాచాను. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. తడిసిన కాన్వాసు ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది. కర్రతో తిప్పి తిప్పి భుజాలు పట్టేశాయి. మోచేతుల దాకా ఆకుపచ్చ రంగు పట్టి వారం పోలేదు. పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు.

రెండో రోజు ఒక ముక్క పిండుతుంటే నా చేతుల్లోనే జానెడు మేర చినిగింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. తరవాత లోపలికి తీసుకెళ్లి, ఆరాక ఆకుపచ్చ దారంతో సన్నగా రఫ్ఫు చేశాను. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు. అంచులు కుట్టించడానికి తీసుకెళ్లినప్పుడు ఆ దర్జీకీ చెప్పలేదు. ఆయన ఆ ముక్క మీద వేలు ఆనించి, రఫ్ఫు తడిమి, మిషను కిందికి తోశాడు.

హెడ్డాఫీసు వాళ్లు వచ్చారు. కుర్చీల్లో కూర్చుని టీ తాగారు. ఏ కుర్చీకీ ఏమీ కాలేదు. మేనేజరు మా ఆయన భుజం తట్టి, "మీ ఇంటావిడ పనిమంతురాలయ్యా," అన్నారట. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వస్తూ మల్లెపూలు తెచ్చారు. దర్జీ చెప్పిన మాట అంతటితో మరిచిపోయాను. ఆయన తన గుడ్డ అమ్ముకోవడానికి అలా చెప్పాడేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉండేది. ఆంధ్రా వాళ్లు, ఇక్కడి వాళ్లు అనే మాటలు అప్పట్లో క్వార్టర్లలో చాలా వినపడేవి. ఇక్కడి వాళ్ల మీద ఒక అనుమానం ముందే పెట్టుకుని మాట్లాడటం మాకు అలవాటైపోయింది.

మేనేజరు గారి తండ్రి ఆయనతోనే ఉండేవారు. డెబ్బైకి దగ్గరి వయసు, ఎక్కడో నెల్లూరు దగ్గర బడిపంతులుగా చేసి మానేశారు. రోజూ సాయంత్రం ఎండ తగ్గాక పచ్చిక మీదికి వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని పేపరు చదువుకునేవారు. నేను అటు వెళితే, "ఏమ్మాయ్, మీ ఊరి నుంచి ఉత్తరం వచ్చిందా?" అని పలకరించేవారు. నేను బాబాయిగారూ అనేదాన్ని. నేను వేసిన రంగు చెమటకు వదిలి ఆయన తెల్ల పంచెకు అంటుకునేదని చాకలామె చెప్పింది. ఆయన ఒక్కసారీ ఆ మాట నాతో అనలేదు.

నెలన్నర గడిచింది. ఒక సాయంత్రం నేను ఇంట్లో బియ్యం ఏరుతుంటే తోటమాలి కేక వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి బాబాయిగారు కుర్చీ చట్రం మధ్యలోంచి కిందికి జారి పక్కకు పడి ఉన్నారు. వెనక అడ్డకర్రకు తుంటి కొట్టుకుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నొప్పితో మాట రావడం లేదు. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తి మళ్లీ దించేశారు. నలుగురు పట్టి మంచం మీద పడుకోబెట్టి, ఆ మంచాన్నే ఫ్యాక్టరీ వ్యాన్లో ఎక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. తుంటి ఎముక విరిగిందని రాత్రికి కబురు వచ్చింది.

నేను నిద్రపోలేదు. తెల్లవారగానే పచ్చిక దగ్గరికి వెళ్లాను. ఆ కుర్చీ పడినచోటే పడి ఉంది. గుడ్డ సరిగ్గా మధ్యలో, మనిషి కూర్చునే చోట, అడ్డంగా చినిగింది. పైనా కిందా దర్జీ వేసిన అంచు కుట్లు ఒక్క పోగు కూడా కదలకుండా ఉన్నాయి. నేను రఫ్ఫు చేసిన ముక్క ఇదేనేమో అని వంగి వెతికాను. రఫ్ఫు లేదు. అది వేరే ముక్క. ఒక్క క్షణం నా గుండె తేలికైంది. వెంటనే, ఆ తేలికపడటానికే సిగ్గేసింది. రఫ్ఫు చేసినది ఇంకా ఏదో ఒక కుర్చీకి వేలాడుతూ అక్కడే ఉంది. మిగతా ఏడు కుర్చీలూ నేనే ఒక్కొక్కటిగా మడిచి వరండాలోకి ఈడ్చుకెళ్లాను.

మధ్యాహ్నం మా ఆయన ఇంటికి వచ్చి తలుపు వేశారు.

"మేనేజరు గారు కాగితం రాసిమ్మన్నారు. ఎలా జరిగిందో రాయమన్నారు."

"ఏమని రాశారు?"

ఆయన నా వంక చూడలేదు. "అంచు కుట్టు ఊడిందని రాశాను."

"కుట్టు ఊడలేదండీ. గుడ్డ చినిగింది. నేను చూశాను."

"నేనూ చూశాను."

"మరి?"

"మరేం రాయమంటావు? కొత్త గుడ్డకు ఇండెంటు పెట్టకుండా, మా ఆవిడ రంగు వేసిన పాత గుడ్డే చినిగిందని నా చేత్తో నేనే రాసివ్వనా? నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆయన బల్ల మీద ఉంది. ఆసుపత్రిలో ఉన్నది ఆయన కన్నతండ్రి." ఆయన తలుపు గడియ మరోసారి చూసుకున్నారు. "చినిగిన గుడ్డ బాయిలరులో వేయించేశాను. ఇక ఈ మాట ఎత్తకు."

నేను ఎత్తలేదు. దర్జీ చెప్పిన సంగతీ ఆయనకు చెప్పలేదు. పోగు లాగి చూపించాడనీ, పట్టీ వేస్తానన్నాడనీ చెబితే ఆయన ఆ కాగితం రాయగలిగేవారో లేదో నాకు తెలియదు.

మూడో రోజు సరుకులకు వెళ్లి వస్తూ బస్సు దిగేసరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ దర్జీ నిలబడి ఉన్నాడు. చేతిలో రుమాలులో కట్టిన పళ్లు. వాచ్‌మన్ ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు. నన్ను చూసి గబగబా ఎదురొచ్చాడు.

"అమ్మా, పెద్దాయన పడ్డడంట గదా. ఎట్లున్నడు?"

"ఆసుపత్రిలో ఉన్నారు."

"నా కుట్టు ఊడిందని అంటున్నరు. ఇగ నువ్వు లోపలికి రావొద్దు, నీకు పని ఇయ్యం అని చెప్పిండ్రు. నా కుట్టు ఊడదమ్మా. ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. మీరు సూసిండ్రా, ఏడ పోయిందో?"

వాచ్‌మన్ వింటున్నాడు. నా చేతిలో సంచి బరువుగా ఉంది. ఆయన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

"నేను చూడలేదు," అన్నాను.

ఆయన పళ్ల మూటను రెండో చేతికి మార్చుకున్నాడు. నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ తెలుసు. నేను వాచ్‌మన్‌ను దాటి లోపలికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు.

తరవాతి నాలుగు నెలలు ఎలా గడిచాయో రాయడం కష్టం. బయటికి అంతా మామూలుగానే ఉండేది. మా ఆయన పర్మనెంటు అయ్యారు. క్వార్టర్ల వాళ్లకు మిఠాయి పంచాను. బాబాయిగారు పట్నంలో కాలికి బరువు కట్టించుకుని మంచం మీదే ఉన్నారు. ఆయన్ని చూడటానికి అందరితో కలిసి ఒకసారి వెళ్లాను. ఆయన పేపరు కింద పెట్టి అందరినీ పలకరించారు, నన్నూ పలకరించారు. నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి వచ్చేశాను. ఇంట్లో మేమిద్దరం ఉప్పూ పప్పూ గురించి తప్ప మాట్లాడుకోవడం మానేశాం. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయే వరకు నేను వంటగదిలోనే ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

పటాన్‌చెరు అంగడికి వెళ్లినప్పుడల్లా ఆ రేకుల షెడ్డు ముందు నుంచి వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. ఒక వారం ఆ సందులో బురద ఉండి రోడ్డు మీదుగానే రావాల్సి వచ్చింది. షెడ్డు మూసి ఉంది. పక్క టీ హోటలు ఆయన్ని అడిగాను.

"ఇంట్లనే ఉంటున్నడమ్మా. లారీలోల్లు ఇప్పుడు ఆయనకు ఇస్తలేరు. ఫ్యాక్టరీల పెద్దమనిషి పడ్డడు గదా, ఆయన కుట్టు కచ్చగ ఉంటదని పేరు పడ్డది. తోవల తాడ్‌పత్రి ఊడితె సరుకు తడుస్తది, ఎవలు ఇస్తరు?"

ఇల్లు ఎక్కడో అడిగి వెళ్లాను. పెంకుటిల్లు, ముందు అరుగు. ఆయన లేడు, కూలికి వెళ్లాడట. అరుగు మీద ఆయన భార్య చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నన్ను గుర్తుపట్టి, లేవలేదు.

"ఏం పని మీద వచ్చిండ్రు?"

"ఆయన కోసం."

"ఆయన రాళ్లు మోయవోయిండు, కంది ఊరి కాడ బిల్డింగు కడుతున్నరు. ఈ వయసుల." ఆమె గింజలు తీయడం ఆపలేదు. "ఆ దినం నేను ఆడనే ఉన్న. పోగు గుంజి సూపియ్యంగ సూసిన. పట్టీ ఏస్తనంటె మీరు వద్దన్నది విన్న. నేను అందరితోని చెప్తనంటె ఆయన చెప్పనియ్యలేదు. మనం చెప్తె ఎవరు నమ్ముతరే, ఆ అమ్మ నోట రావాలె అన్నడు. నాలుగు నెలల సంది సూస్తున్నం, మీ నోట వస్తదా అని."

అరుగు దిగి ఎలా వచ్చానో గుర్తులేదు.

అదే వారం బాబాయిగారిని ఇంటికి తెచ్చారు. రెండు చంకకర్రలతో నాలుగడుగులు వేయగలుగుతున్నారు. పొద్దున మేనేజరు గారు ఆఫీసుకు వెళ్లాక నేను వెళ్లాను. ఆయన వరండాలో బల్లమీద దిండ్లు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కూర్చోమంటే కూర్చోకుండా మొత్తం చెప్పాను. దర్జీ పోగు లాగడం, పట్టీ, రఫ్ఫు, గేటు దగ్గర నేను ఆడిన అబద్ధం, అన్నీ. మా ఆయన రాసిన కాగితం సంగతి మాత్రం దాచుదామనుకున్నాను. అయినా చెప్పాను.

ఆయనకు కోపం వచ్చిందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. తన కాలు వంక చూసుకున్నారు.

"నువ్వు ఇక్కడికి వచ్చినట్టు మీ ఆయనకు తెలుసా?"

"తెలియదండీ."

"ముందు అతనితో చెప్పు. అతని వెనకాల నేను మా అబ్బాయితో మాట్లాడితే అది ఇంకో తప్పు అవుతుంది. రెండు రోజులు చూస్తాను." కొంచెం ఆగి, "నాకూ ఆ దర్జీ మీదే కోపంగా ఉండేదమ్మా ఇన్నాళ్లూ. మంచం మీద పడుకుని అతన్ని తిట్టుకున్నాను," అన్నారు.

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నం తినే దాకా ఆగి చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"దర్జీ వద్దన్నాడని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు పని ఆపేస్తారని."

"నాకు తెలిసి ఉంటే..." అన్నారు, ఆ మాట పూర్తి చేయలేదు. "నీ కోసం రాశాననుకున్నాను ఇన్నాళ్లూ. నా కోసమే రాసుకున్నాను. కాదనలేను. కానీ నువ్వు నన్ను అడగకుండా ఆయన దగ్గరికి వెళ్లావు."

"అడిగితే వద్దనేవారు."

"అనేవాణ్ణి," అన్నారు.

మర్నాడు ఆయన ఒక్కరే మేనేజరు గదిలోకి వెళ్లారు. అక్కడ ఏం జరిగిందో ఆయన నాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఉద్యోగం పోలేదు. పెద్దాయన అడ్డుపడ్డారని విన్నాను. స్టోర్సు నుంచి తీసి బొగ్గు దిబ్బల దగ్గర లెక్క రాసే పనికి వేశారు. ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా కాలరు నల్లగా ఉండేది. పై మెట్టు ఎక్కడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది. దర్జీని లోపలికి రానివ్వమని గేటుకు చెప్పారు.

ఆ ఆదివారం మేమిద్దరం దర్జీ ఇంటికి వెళ్లాం. ఆయన అరుగు మీదే ఉన్నాడు. అరచేతులు కాయలు కాసి పగిలి ఉన్నాయి. మా ఆయన తాను రాసినదీ, దాన్ని దిద్దించినదీ చెప్పారు. నేను గేటు దగ్గర అన్న మాటకు క్షమించమన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

"నాతోని చెప్తె ఏమొస్తదమ్మా? నాకు ఎరికే గదా. లారీ అడ్డ కాడ చెప్పుండ్రి. నన్ను వద్దన్నది వాళ్లు."

మా ఆయన, "నేను వెళ్లి చెబుతాను," అన్నారు.

"మీరు కాదు సారూ. బట్ట ఆమె తెచ్చింది."

అప్పటికప్పుడే వెళ్లాను. రోడ్డు మీద లారీలు ఆగే చోట పది పన్నెండు మంది డ్రైవర్లు, ఇద్దరు లారీ ఓనర్లు మంచాల మీద కూర్చుని ఉన్నారు. పంజాబీ వాళ్లు, మహారాష్ట్ర వాళ్లు కూడా ఉన్నారు. ఆడవాళ్లు అటు వెళ్లే చోటు కాదు అది. మా ఆయన నా వెనకాలే నిలబడ్డారు. దర్జీ కొంచెం దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంచాలకు ఎదురుగా వెళ్లి మొదలుపెట్టాను.

"ఫ్యాక్టరీలో కుర్చీ చినిగి పెద్దాయన పడ్డారు కదా. ఈయన కుట్టు ఊడలేదు. గుడ్డ నేను తెచ్చింది. ఎండకు పాడైన గుడ్డకు నేనే రంగు వేశాను. ఈయన వద్దని చెప్పినా వినలేదు. తప్పు నాది."

ఒక డ్రైవరు పక్కవాడికి హిందీలో వివరించాడు. అందులో ఒక ఓనరు, మీసాలాయన, బీడీ పారేసి అడిగాడు.

"గిదంత నాలుగు నెలల కింద చెప్పద్దా అమ్మా? నేను నా ఆరు బండ్ల పని సంగారెడ్డోనికి ఇచ్చుకున్న. ఈయన మిషన్ అమ్ముకున్నడంట."

మిషను అమ్మిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. దర్జీ వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు.

"అప్పుడు భయపడ్డాను," అన్నాను.

ఆ తరవాత పని ఆయన దగ్గరికి కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. మిషను లేదు కాబట్టి లారీల దగ్గరికే వెళ్లి చేతి సూదితో అతుకులు వేసేవాడు. మేము ఒక మిషను కొనిస్తామని మా ఆయన రెండుసార్లు వెళ్లి అడిగారు. తీసుకోలేదు. ఏడాది తిరక్కుండా ఆయనే ఎక్కడో పాతది సంపాదించి షెడ్డు తెరిచాడు. ఫ్యాక్టరీ నుంచి కబురు పెట్టినా మాత్రం రాలేదు. కుర్చీలకు పట్నం నుంచి కొత్త కాన్వాసు తెప్పించి వేరెవరితోనో కుట్టించారు. బాబాయిగారు మళ్లీ పచ్చిక మీదికి వచ్చేవారు కానీ ఇంట్లోంచి చెక్క కుర్చీ వేయించుకునేవారు. నన్ను చూస్తే పలకరించేవారు. ఊరి నుంచి ఉత్తరం వచ్చిందా అని మాత్రం మళ్లీ అడగలేదు.

మా ఆయనా నేనూ మామూలుగా మాట్లాడుకోవడానికి ఆ ఎండాకాలం గడిచి వానలు పడాల్సి వచ్చింది. మొదట ఎవరు మాట్లాడారో, దేని గురించో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

దర్జీ భార్యను అంగడిలో చాలాసార్లు చూశాను. ఒకసారి ఉల్లిగడ్డల దగ్గర ఇద్దరం పక్కపక్కనే పడ్డాం. "బాగున్నారా?" అని అడిగాను. ఆమె తన సంచిలోకి ఉల్లిగడ్డలు వేసుకుంటూ, "ఉన్నం," అంది. తరవాత నేను ఏరుతున్న కుప్పలోంచి కుళ్లిన గడ్డ ఒకటి తీసి పక్కన పడేసి, తన దారిన వెళ్లిపోయింది.